పచ్చి బియ్యం, డీఎస్సీ చదువు, ఒక రక్తం రిపోర్టు: నా అనుభవం

డీఎస్సీకి చదివే రోజుల్లో నాకు రెండు బాధలు ఉండేవి. చదివింది గుర్తుండటం లేదన్నది అందరికీ చెప్పుకునేదాన్ని. పచ్చి బియ్యం నమలకుండా ఉండలేకపోతున్నానన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఈ రెండూ ఒకచోటి నుంచే వస్తున్నాయని తెలిసేసరికి నెలలు గడిచాయి. తెలిశాక పరీక్షలు, బిళ్లలు, ఎదురుచూపులు కలిపి దాదాపు ఏడాది. హాస్టళ్లలో ఉండి చదివే ఆడపిల్లల్లో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారని ఈమధ్యే తెలిసింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2024 జూన్‌లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ఫైలు మీద సంతకం అయిందన్న వార్త చూసి, పలమనేరు దగ్గరి మా ఊరి నుంచి తిరుపతి వచ్చేశాను. బాలాజీ కాలనీ వైపు హాస్టల్, భోజనంతో కలిపి నెలకు 5,500. పక్క వీధిలో రీడింగ్ రూమ్, ఏసీ లేని సీటుకు 700. నోటిఫికేషన్ రేపో మాపో అన్నారు. అది వచ్చింది 2025 ఏప్రిల్ 20న. మధ్యలో అక్టోబర్‌లో టెట్ రాశాం. మిగతా కాలమంతా చదివిందే చదవడం.

బియ్యం సంగతికొస్తే, చిన్నప్పుడు అమ్మ చేటలో చెరుగుతుంటే ఒక గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని. "పెండ్లిలో వాన కురుస్తాదిమే" అని చేతి మీద ఒక్కటి వేసేది. అంతటితో సరి. హాస్టల్లో వచ్చింది వేరే రకం. మెస్ పక్క గదిలో బియ్యం మూటలు పేర్చి ఉండేవి. అటుగా పోతే చాలు, ఆ గోనెసంచి వాసన, పిండి వాసన కలిసి తగిలి నోట్లో నీళ్లూరేవి. ఆకలై కాదు, కడుపునిండా తిని చెయ్యి కడుక్కుని వస్తున్నా అంతే. సెప్టెంబర్‌కల్లా అంగడిలో అరకిలో నూకలు కొని, పాత హాల్ టికెట్ల ఫైల్లో ఒక కవర్‌లో దాచుకునే దాకా వచ్చింది. అన్ని బియ్యాలూ పనికిరావు మళ్లీ. స్టీమ్ బియ్యం వద్దు, పచ్చి బియ్యమే కావాలి, అదీ కడగనివి.

రీడింగ్ రూమ్‌లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అక్కడ కరకర నమిలితే పక్క సీటమ్మాయి తలెత్తి చూస్తుంది. అందుకని గింజలు బుగ్గన పెట్టుకుని, మెత్తబడ్డాక నమిలేదాన్ని. ఇంత తెలివి పాఠాల మీద పెట్టి ఉంటే బాగుండేదని అప్పుడే అనిపించింది కానీ, ఆ తెలివి పాఠాల వైపు వెళ్లేది కాదు.

అసలు బాధ అదే. పేజీ తెరిస్తే రెండో పేరాలో ఉండగా బియ్యం గుర్తొచ్చేది. ఊరికే మాటగా గుర్తు రావడం కాదు. తెల్లగా గింజలు కనపడేవి, వాసన తెలిసేది, పంటి కింద విరిగిన చప్పుడు కూడా తెలిసేది. వద్దనుకుని మళ్లీ పేజీలోకి వస్తే ఎక్కడున్నానో తెలిసేది కాదు. మొదటి వాక్యం నుంచి మొదలు. తింటే కాసేపు శాంతిగా ఉండేది, తర్వాత కవర్‌లో ఎంత మిగిలిందన్న లెక్క. ఒకరోజు సైకాలజీలో 'స్మృతి, విస్మృతి' చాప్టర్ చదువుతున్నాను. చదివింది రోజులు గడిచేకొద్దీ ఎలా మరిచిపోతామో చూపేది, ఎబ్బింగ్‌హాస్ 1885లో గీసిన విస్మృతి వక్రరేఖ. సాయంత్రం ఫ్రెండ్ అడిగితే ఆ పేరు నోటికి రాలేదు. రూమంతా నవ్వారు, నేనూ నవ్వాను. రాత్రి బాత్రూంలో ఏడ్చాను.

ఇంకో తేడా గమనించాను. నోటితో వల్లె వేసేవి, అంటే వ్యాకరణ సూత్రాలు, పద్యపాదాలు ఎలాగోలా నిలిచేవి. ఇండియా మ్యాప్‌లో నదులు, పటం చూసి చెప్పే లెక్కలు, మనసులో బొమ్మ గీసుకుని చేయాల్సినవి మాత్రం పూర్తిగా జారిపోయేవి. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

నవంబర్ చివర్లో హాస్టల్ దగ్గరి క్లినిక్‌కి వెళ్లాను. నీరసం, మతిమరుపు అని చెప్పాను. బియ్యం గురించి చెప్పాలన్న ఆలోచనే రాలేదు, అది జబ్బు కింద లెక్కలో లేదు కదా. డాక్టర్ గారు రెండు నిమిషాల్లో "ఎగ్జామ్ టెన్షన్ అమ్మా, అందరూ ఇదే చెప్తున్నారు" అని బి-కాంప్లెక్స్, నిద్రకు ఒక బిళ్ల రాశారు. ఫీజు 300. నిద్ర బిళ్లతో పొద్దున ఎనిమిదింటికి కూడా కళ్లు తెరుచుకోక అది మానేశాను.

డిసెంబర్‌లో కోచింగ్‌లో సైకాలజీ చెప్పే సార్‌ని క్లాసయ్యాక పట్టుకున్నాను. బియ్యం అనడానికి నోరు రాక, "సార్, చదువుతుంటే చాక్లెట్ మీదికి మనసు పోతోంది, చదివింది నిలవడం లేదు" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ యూనివర్సిటీలో ఈవా కెంప్స్, మారికా టిగ్గెమన్ అనేవాళ్లు సరిగ్గా చాక్లెట్ తోనే ప్రయోగాలు చేశారని చెప్పారు. తినాలన్న కోరిక రగిలించి జ్ఞాపకశక్తి పనులు ఇస్తే, ఆ కోరిక ఉన్నంతసేపూ వాటిలో వెనకబడ్డారట. కవనాగ్, ఆండ్రేడ్, మే అనే ముగ్గురు 2005లో దీనికి ఒక సిద్ధాంతం కూడా చెప్పారు. కోరిక ముందు చిన్న ఆలోచనగా తటాలున వస్తుంది. దాన్ని మనం పట్టుకుని బొమ్మ కడతాం, రంగు, వాసన, రుచి అన్నీ చేరుస్తాం. ఆ బొమ్మ కట్టేది వర్కింగ్ మెమరీలోనే, అంటే అప్పటికప్పుడు మనసులో పట్టుకుని పనిచేసే చోట. లెక్క చేయడానికీ మ్యాప్ గుర్తు పెట్టుకోవడానికీ కావాల్సింది కూడా అదే చోటు. ఉన్నది కొంచెం, అందులో చాక్లెట్ కూర్చుంటే గోదావరికి చోటెక్కడిది అన్నారు.

నా నదులు ఎందుకు పోతున్నాయో ఆ రోజు కొంత తెలిసింది. సార్ ఒక చిట్కా కూడా చెప్పారు. ఇంగ్లండ్‌లో ప్లిమత్ యూనివర్సిటీవాళ్లు కోరిక పుట్టినప్పుడు టెట్రిస్ అనే ముక్కలు పేర్చే గేమ్ మూడు నిమిషాలు ఆడిస్తే కోరిక బలం తగ్గిందట. కళ్లకు, మనసుకు ఒకేసారి బొమ్మల పని పడుతుంది కాబట్టి పాత బొమ్మ చెదురుతుంది. ఏదైనా వాసన ఊహించుకున్నా పనిచేస్తుందట, నీలగిరి తైలం లాంటిది. శబ్దాలు ఊహించుకుంటే మాత్రం అంత ఫలితం లేదట.

ఫోన్‌లో గేమ్ పెట్టుకుంటే నేను మూడు నిమిషాల్లో ఆపే మనిషిని కాదు. కాబట్టి తెల్ల కాగితం మీద చూడకుండా ఆంధ్రప్రదేశ్ మ్యాప్ గీయడం మొదలుపెట్టాను. సరిహద్దు, నదులు, జిల్లాలు. పనిచేసింది, నిజంగానే. గీస్తున్నంతసేపు, ఆ తర్వాత ఇంకో పది పదిహేను నిమిషాలు బియ్యం గొడవ లేదు. మళ్లీ వచ్చేది. రోజుకు ఎన్ని మ్యాపులు గీస్తాం? దాంతో పాటు ఇంకోటి మొదలైంది. అదే నెలలో ఫ్రెండ్స్‌తో శ్రీవారి మెట్టు ఎక్కాను. 2,388 మెట్లు, ఇదివరకు గంటన్నరలో ఎక్కేసిన దారి. ఈసారి ప్రతి మలుపులో కూర్చున్నాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఒక పెద్దావిడ నన్ను దాటుతూ "మెల్లగా రామ్మా, స్వామి యాడికీ పోడు" అంది.

2025 సంక్రాంతికి ఊరికి పోతే అమ్మ రెండు రోజులు గమనించి అడిగేసింది. "ఏందిమే, ఆవు నెమరేసినట్టు పొద్దస్తమానం నోరు ఆడిస్తానే ఉండావు?" జేబులో బియ్యం చూసి తిట్టలేదు. కింది కనురెప్ప లాగి చూసింది. "తెల్లగా పాలిపోయిండాది" అని ఊరి ఆశా కార్యకర్త అక్కను పిలిచింది. ఆ అక్కే మొదట అంది, బియ్యం, మట్టి తినేవాళ్లకు రక్తం తక్కువ ఉంటుందని. ఎర్ర ఐరన్ బిళ్లలు ఇచ్చి, ఇవి వారానికి ఒకటి వేసుకునేవి, నీకు ఇవి చాలవు, ముందు పరీక్ష చేయించుకో అంది.

జనవరి చివరి వారం తిరుపతిలో ఒక లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. టోకెన్ పదింటికి తీసుకుంటే లోపలికి పిలిచేసరికి పన్నెండు దాటింది. ఫీజు 400. నా నీరసం కథ వినేసి, గోళ్లు చూసి, నాలుక చూసి ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "బియ్యం, బలపం, మట్టి, ఐస్... ఇందులో ఏది తింటావమ్మా?" తింటావా అని కాదు, ఏది అని. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అన్నీ చెప్పేశాను. దీనికి పైకా అని పేరుందని, ఐరన్ లోపం ఉన్నవాళ్లలో తరచూ చూస్తామని, ఎందుకు ఇలా కోరిక పుడుతుందో ఇంకా పూర్తిగా తేలలేదని చెప్పారు. మతిమరుపు మాటేమిటి మేడం అంటే, ఐరన్ రక్తానికే కాదు, మెదడుకూ కావాలన్నారు. మెదడులో కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనం తయారయ్యే పనిలో ఐరన్ ఉండాలట. అంటే నాకు రెండు వైపుల నుంచీ దెబ్బ: మెదడుకు ఐరన్ చాలడం లేదు, ఉన్న కొంచెం శ్రద్ధనూ బియ్యం బొమ్మ తినేస్తోంది.

పరీక్షలు రాశారు: రక్తకణాల లెక్క, హిమోగ్లోబిన్ చెప్పే సీబీపీ 300, ఫెరిటిన్ 700, థైరాయిడ్ 250. సీబీపీ సాయంత్రానికే వచ్చింది, ఫెరిటిన్ మరుసటి రోజు. హిమోగ్లోబిన్ 7.9. ఆడవాళ్లకు 12 ఉండాలి. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 4. అది 15 కంటే తగ్గితేనే లోపం కింద లెక్క. థైరాయిడ్ బాగానే ఉంది. ఐరన్ డ్రిప్ పెట్టాలా అని భయపడ్డాను, ఖర్చుకు కూడా. మేడం ఒక నెల బిళ్లలతో చూద్దాం, పెరక్కపోతే అప్పుడు డ్రిప్ అన్నారు. ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన బిళ్లలు రాశారు, పది బిళ్లల అట్ట 170 దాకా పడింది. నులిపురుగులకు ఆల్బెండజోల్ 400 ఒక్క బిళ్ల. రక్తం ఎక్కడికి పోతోందో చూడాలని స్కాన్ కూడా. నెలసరి రోజుల్లో నాకు ఎక్కువగా పోతుంది, అది మామూలే అనుకుంటూ వచ్చాను. స్కాన్‌లో చిన్న ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచిలో గడ్డ కనపడింది. ఆపరేషన్ ఏమీ అక్కర్లేదు, ఆ మూడు నాలుగు రోజులు వేసుకోవడానికి వేరే బిళ్లలు ఇచ్చారు. స్కాన్ 900.

ఇక బిళ్లల సంగతి. పరగడుపున వేసుకోవాలి. ముందూ వెనకా గంటా రెండు గంటలు టీ, కాఫీ, పాలు ఉండకూడదు, అవి ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. క్యాల్షియం బిళ్ల ఉంటే అది వేరే పూటకు. నిమ్మరసంతో గానీ జామకాయతో గానీ అయితే మంచిది. హాస్టల్లో పొద్దున ఆరున్నరకే టీ క్యాన్ వస్తుంది, ఆలస్యం చేస్తే ఉండదు. బిళ్లా టీ రెండూ కావాలంటే కుదరదు. నేను అయిదింటికి అలారం పెట్టుకుని బిళ్ల వేసుకుని మళ్లీ పడుకునేదాన్ని. మరో ఆశ్చర్యం: మలం నల్లగా వచ్చింది. ఎవరూ ముందు చెప్పలేదు. రక్తమేమో అని ఒక పగలంతా వణికిపోయాను. మెడికల్ షాపతను "ఐరన్ వేసుకుంటున్నారా? అంతే లెండి" అని తేలిగ్గా తేల్చేశాడు. మలబద్ధకం, కడుపులో తిప్పడం మాత్రం తేలిగ్గా పోలేదు. చెబితే మేడం రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. అలా వేసుకుంటే ఒక్కో బిళ్ల నుంచి ఒంటికి పట్టేది ఎక్కువే ఉంటుందని కూడా చెప్పారు.

అసలు వింత ఫిబ్రవరి మధ్యలో జరిగింది. ఫైల్లో పాత హాల్ టికెట్ కోసం వెతుకుతుంటే బియ్యం కవర్ బయటపడింది. ఎన్నాళ్లుగా దాన్ని ముట్టుకోలేదో గుర్తు రాలేదు. మానేయాలని ప్రయత్నించిందేమీ లేదు. వాసన చూశాను. బియ్యం వాసన, అంతే. అప్పటికి చేయించిన పరీక్షలో హిమోగ్లోబిన్ ఇంకా 8.6. రక్తం నిండక ముందే కోరిక ఎలా పోయిందని అడిగితే, చాలామందికి ఇలాగే జరుగుతుందట, రక్తం లెక్క పెరగడానికి ముందే కోరిక వెళ్లిపోతుందట. నెలల తరబడి సంకల్ప బలం లేదని నన్ను నేను తిట్టుకున్న దానికి ఒక అట్ట బిళ్లలు సమాధానం చెప్పాయి. కొంచెం కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

చదువు మాత్రం వెంటనే తిరిగి రాలేదు. కోరిక పోయింది కాబట్టి రేపటి నుంచి అన్నీ గుర్తుంటాయని ఆశపడ్డాను. మార్చి మొదట్లో కూడా మధ్యాహ్నం రెండు తర్వాత తల మొద్దుబారేది. మార్చి చివరికి హిమోగ్లోబిన్ 10 దాటాక ఒక పేజీ ఆగకుండా చదవగలుగుతున్నానని గమనించాను. ఏప్రిల్లో నోటిఫికేషన్ వచ్చేనాటికి మాక్ టెస్ట్ మొత్తం కూర్చుని రాయగలిగాను. మే నెలలో తిరుపతిలో గంగ జాతర. వీధుల్లో డప్పులు, వేషాలు, రాత్రంతా మైకులు. హాస్టల్లో అందరూ చదువు సాగడం లేదని విసుక్కుంటుంటే నేను కిటికీ మూసుకుని చదివాను. ఆ గోలలో చదివింది ఇప్పటికీ గుర్తుంది. నా పరీక్ష జూన్‌లో పడింది. 160 ప్రశ్నలు, ఒక్కోటి అర మార్కు. మ్యాప్ ప్రశ్నకు ఇబ్బంది పడలేదు. ఫలితం మాట తర్వాత చెప్తాను.

కథ అక్కడితో అయిపోలేదు. జూలైలో నెలసరి మళ్లీ విపరీతంగా వచ్చింది. ఆగస్టు మొదట్లో ఒక సాయంత్రం వాన పడింది. మట్టి వాసనకు నోట్లో నీళ్లూరాయి. ఆ మట్టి గడ్డ తీసి కొరకాలనిపించింది. ఇదివరకు అయితే సిగ్గుపడి ఊరుకునేదాన్ని. ఈసారి మర్నాడే ల్యాబ్‌కి వెళ్లాను. హిమోగ్లోబిన్ 11.8. దాదాపు బాగానే ఉందని ల్యాబ్ అబ్బాయి అన్నాడు. ఫెరిటిన్ కూడా చేయమని పట్టుబట్టాను. 9 వచ్చింది, మే నెలలో 22 ఉన్నది. నా వరకు చూస్తే, హిమోగ్లోబిన్ కంటే ముందు ఈ కోరికే కబురు చెబుతోంది.

ఈసారి మేడం డ్రిప్ పెడదామన్నారు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అని ముదురు గోధుమరంగు ఐరన్ మందు, సెలైన్‌లో కలిపి పెడతారు. మందు, సెలైన్, నర్సింగ్ చార్జీలు కలిపి నాకు 3,800 అయింది. నాన్న ఆవు పాల డబ్బు పంపాడు. ఎక్కించడానికి ఇరవై నిమిషాలు, తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టారు, రియాక్షన్ ఏమైనా వస్తుందేమోనని. సూది దగ్గర మంట అనిపిస్తే వెంటనే చెప్పమని నర్స్ పదేపదే అంది. మందు బయటికి కారితే చర్మం మీద మచ్చ పడి చాలాకాలం పోదట. ఆ సాయంత్రం ఒళ్లు నొప్పులు, కొంచెం జ్వరం. రెండో రోజుకు తగ్గింది. వారం తిరగకముందే మట్టి వాసన మామూలు వాసన అయిపోయింది.

డీఎస్సీ ఎంపిక జాబితా సెప్టెంబర్‌లో వచ్చింది. నా పేరు లేదు. కటాఫ్‌కు దగ్గరగా ఆగాను. దానికి రక్తం కారణమని చెప్పను, నాకంటే బాగా చదివినవాళ్లు ఉన్నారు. కాకపోతే 2024 చివరి నెలలు నా చేతిలో లేకుండా పోయాయన్న బాధ మాత్రం ఉంది.

ఇప్పుడు మళ్లీ అదే హాస్టల్. గదిలో కొత్తగా చేరిన శ్రీకాళహస్తి అమ్మాయి ఫ్రిజ్‌లో ఐస్ ట్రేలు ఖాళీ చేస్తూ ఉంటే, సీబీపీ చేయించుకోమని చెప్పాను. "చేయించానక్కా, హిమోగ్లోబిన్ 12.1, నార్మల్ అన్నారు" అంది. ఫెరిటిన్ రాయించుకోమని మళ్లీ పంపాను. 8 వచ్చింది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా నిల్వ ఖాళీగా ఉండొచ్చని మేడం నాకు చెప్పిందే తనకూ చెప్పారు. తను ఇప్పుడు చవకగా మందులు అమ్మే జనౌషధి షాపులో బిళ్లలు తెచ్చుకుంటోంది, నేను కొన్నదాంట్లో సగం ధర కూడా పడటం లేదు. ఆ షాపు సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఒక నెల రీడింగ్ రూమ్ ఫీజు మిగిలేది. నాది వచ్చే ఫెరిటిన్ పరీక్ష మార్చిలో, స్కాన్ కూడా అప్పుడే.